ఏడింటి నుంచి ఏడింటి దాకా: ఒప్పుకోవాలా, వద్దా?

ప్రశ్న: నేను ఒక పెద్ద ఆసుపత్రిలో మెడికల్ వార్డు స్టాఫ్ నర్సును. వయసు 36. పదకొండేళ్లుగా మూడు డ్యూటీల పద్ధతిలోనే పనిచేస్తున్నాను: మార్నింగ్ 7 నుంచి 3, ఆఫ్టర్‌నూన్ 2 నుంచి 10, నైట్ 10 నుంచి మర్నాడు 7. నాలుగు వారాలకు 20 డ్యూటీలు. ఇప్పుడు మా వార్డును 12 గంటల పద్ధతికి మారుస్తామంటున్నారు. 7 నుంచి 7, సగం పగళ్లు, సగం రాత్రులు. నాలుగు వారాలకు 13 డ్యూటీలు. జీతం మారదు. ఇష్టం లేనివాళ్లు పాత పద్ధతిలోనే ఉండవచ్చట, కానీ ఏ సంగతీ నెలాఖరులోగా ఫారం నింపి చెప్పాలి. ఒక నెల ప్రయోగంగా చేశాం. సెలవులు ఎక్కువ దొరికాయి కాబట్టి నాకూ బాగానే అనిపించింది. అయితే వరుసగా మూడో రోజు, సాయంత్రం ఆరింటి మందులు ఇచ్చేటప్పుడు ఒక పేషెంటు ట్రేను పక్క మంచం దగ్గరికి తీసుకెళ్లాను. చేతి పట్టీ మీద పేరు చూసి ఆగిపోయాను. ఎవరికీ ఏమీ కాలేదు కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంటికీ ఆసుపత్రికీ గంట ప్రయాణం. పిల్లలకు తొమ్మిదేళ్లు, ఐదేళ్లు. మా వారు 12 గంటలదే తీసుకో, ఎక్కువ రోజులు ఇంట్లో ఉంటావు అంటున్నారు. వార్డులో చిన్నవాళ్లంతా అదే కావాలంటున్నారు. నాకే వయసు మీద పడుతోందా? ఏది ఎంచుకోమంటారు?
— ఒక స్టాఫ్ నర్సు

సమాధానం: అమ్మా, ముందు వయసు సంగతి తేల్చేద్దాం. 36 ఏళ్లకు ఎవరికీ వయసు మీద పడదు. మీ మీద పడింది వరుసగా మూడో పన్నెండు గంటల డ్యూటీ. అందులోనూ చివరి గంట.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను, కారణాలు తర్వాత చూద్దాం. వరుసగా రెండు డ్యూటీలకు మించి వేయబోమని రాసిస్తే 12 గంటల పద్ధతికి ఒప్పుకోండి. ఆ మాట రాసివ్వకపోతే పాత పద్ధతిలోనే ఉండండి, కానీ అందులోనూ ఒక సవరణ అడగండి. అదేమిటో కింద వస్తుంది. పన్నెండా ఎనిమిదా అని అందరూ వాదించుకుంటారు. వార్డులో రోస్టర్లు (డ్యూటీల పట్టికలు) వేసిన అనుభవంతో చెబుతున్నాను, మనిషి కుంగిపోయేదీ నిలబడేదీ డ్యూటీకీ డ్యూటీకీ మధ్య ఎంత ఎడం ఉంది, వరుసగా ఎన్ని పడ్డాయి, ఏడింటికి అయిపోవాల్సింది నిజంగా ఎన్నింటికి అయిపోతోంది అన్నవాటి మీదే. మీ ఫారంలో ఈ మూడూ ఉండవు.

ఆ సాయంత్రం ట్రే దగ్గరికే మళ్లీ వద్దాం, ఎందుకంటే మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం అదే. ఆరు గంటలకోసారి ఇవ్వాల్సిన మందులు చాలా వార్డుల్లో 6, 12, 6, 12కి పడతాయి. డ్యూటీ ఏడింటికి మారే పద్ధతిలో దీని అర్థం ఏమిటో చూడండి. పగటి నర్సు సాయంత్రం ఆరింటి మందులను తన పన్నెండో గంటలో ఇస్తుంది. రాత్రి నర్సు ఉదయం ఆరింటి మందులను తన పన్నెండో గంటలో ఇస్తుంది. అంటే రోజుకు రెండు పెద్ద మందుల రౌండ్లు, రెండూ అలసట శిఖరానికి చేరిన వేళలోనే. దానికి తోడు అదే గంటలో ఇంటేక్ అవుట్‌పుట్ చార్టు (పేషెంటు ఒంట్లోకి వెళ్లిన, బయటికి వచ్చిన ద్రవాల లెక్క) కూడాలి, కేస్ షీట్లు పూర్తిచేయాలి, హ్యాండోవర్‌కు, అంటే తర్వాతి నర్సుకు పేషెంట్లను అప్పగించడానికి, సిద్ధం కావాలి, పేషెంట్ల బంధువులు వచ్చి నిలబడి ఉంటారు. పాత పద్ధతిలో సాయంత్రం ఆరు అనేది ఆఫ్టర్‌నూన్ నర్సుకు డ్యూటీ మధ్యలో వచ్చేది. ఉదయం ఆరు మాత్రం అప్పుడూ రాత్రి నర్సు నెత్తినే ఉండేది, ఆ బాధ ఏ పద్ధతిలోనూ పోలేదు. కాబట్టి మీరు పక్క మంచానికి వెళ్లడం విచిత్రం కాదు. చేతి పట్టీ చూడకుండా ఇవ్వలేదు, అదీ చూడాల్సింది. పదకొండేళ్ల అలవాటు మిమ్మల్ని ఆపింది.

అలసటకూ పొరపాటుకూ ఉన్న సంబంధం వట్టి మీ ఊహ కాదు. ఆన్ రోజర్స్ పరిశోధక బృందం అమెరికాలో 393 మంది ఆసుపత్రి నర్సుల చేత డ్యూటీ డైరీలు రాయించి, 2004లో ఫలితాలు ప్రచురించింది. పన్నెండున్నర గంటలు, అంతకు మించి పనిచేసినప్పుడు పొరపాటు జరిగే అవకాశం మూడు రెట్లయింది. అందులో నాకు ఇంకా ముఖ్యంగా తోచింది మరొకటి: డ్యూటీ మొదట ఎన్ని గంటలకు వేసినా సరే, వేసిన సమయం దాటి డ్యూటీలో ఉండిపోవడం పొరపాట్ల అవకాశాన్ని పెంచింది. ఆ పన్నెండున్నర అనే అంకెను బాగా గుర్తుపెట్టుకోండి. కాగితం మీద పన్నెండు గంటల డ్యూటీకి అరగంట హ్యాండోవర్ కలిస్తే సరిగ్గా అక్కడికే చేరుతుంది. ఎనిమిది గంటల డ్యూటీలో గంట ఆలస్యమైతే తొమ్మిది అవుతుంది, చిరాకుతో సరిపోతుంది. పన్నెండుకు గంట చేరితే అక్కడ ఇంకేమీ మిగిలి ఉండదు.

వరుస డ్యూటీల గురించి సైమన్ ఫోకార్డ్, ఫిలిప్ టక్కర్ అనే పరిశోధకులు 2003లో లెక్కలు కట్టారు. అవి నర్సులవి మాత్రమే కావు, ఎక్కువగా పరిశ్రమల్లో ప్రమాదాలవి. మొదటి రాత్రి డ్యూటీతో పోలిస్తే రెండో రాత్రి ప్రమాదం సుమారు 6 శాతం, మూడో రాత్రి 17 శాతం, నాలుగో రాత్రి 36 శాతం ఎక్కువ. పగటి డ్యూటీల్లో ఆ అంకెలు 2, 7, 17. మెట్లు ఎలా పెరుగుతున్నాయో చూశారా? రెండో దాని దగ్గర పెద్ద తేడా లేదు, మూడో దాని దగ్గర లేస్తుంది. నేను రెండుకు మించి వద్దనడానికి సగం కారణం ఇదే. మిగతా సగం మీ గంట ప్రయాణం.

ఇక మీ వారు చెప్పిన మాటకు వద్దాం. ఆయన లెక్క తప్పని అనను, కానీ సగం లెక్కే. నాలుగు వారాలంటే 28 రోజులు. 20 డ్యూటీలైతే 8 సెలవులు, 13 డ్యూటీలైతే 15 సెలవులు. ఏడు రోజులు అదనంగా దొరికినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు గుమ్మం దాటినప్పటి నుంచి మళ్లీ గుమ్మంలో అడుగుపెట్టే దాకా లెక్కేయండి. రాను పోను రెండు గంటలు, హ్యాండోవర్‌కు అరగంట కలిపితే ఎనిమిది గంటల డ్యూటీకి పదిన్నర గంటలు పోతాయి. నైట్ ఇంకో గంట ఎక్కువే, దాన్ని ప్రస్తుతానికి వదిలేద్దాం. పన్నెండు గంటల డ్యూటీకి పద్నాలుగున్నర పోతాయి. పదిన్నర ఇంటూ ఇరవై, 210 గంటలు. పద్నాలుగున్నర ఇంటూ పదమూడు, 188న్నర. ఏడు రోజుల్లా కనిపించినది అసలుకు 21న్నర గంటలు, అంటే ఒక రోజుకు కూడా కొంచెం తక్కువ. అందులోనూ 14 గంటలు ప్రయాణం తగ్గడం వల్ల వచ్చినవే. ఆసుపత్రికి పావుగంట దూరంలో ఉండేవారికి ఈ లాభం 11 గంటలకు పడిపోతుంది.

ఆ 21న్నర గంటలనైనా మీరు పిల్లలతో గడుపుతారా అన్నది వేరే ప్రశ్న. వరుసగా మూడు పెద్ద డ్యూటీలు చేసిన మనిషి నాలుగో రోజు ఎలా ఉంటుందో మీరు ఆ నెలలో చూసే ఉంటారు. పొద్దున్న పదింటికి లేచి, మధ్యాహ్నం మళ్లీ పడుకుని, సాయంత్రానికి మనిషిలో పడుతుంది. సెలవుల పట్టికలో అది సెలవే, ఇంట్లో మాత్రం అది సగం రోజు. నెలకు నాలుగుసార్లు ఇలా సగం రోజు పోతే మిగిలిన గంటలన్నీ అక్కడే కరిగిపోతాయి. రెండేసి డ్యూటీలుగా విడగొడితే ఈ మత్తు తక్కువ ఉంటుందని నా గమనిక. అయితే అలా విడగొడితే సెలవులు కూడా ముక్కలవుతాయి, వరుసగా నాలుగైదు రోజుల సెలవు రాదు. చిన్నవాళ్లు మూడేసి, నాలుగేసి వరుసగా వేయించుకునేది ఆ పెద్ద సెలవు కోసమే. వాళ్లకు అది పనికొస్తుంది. మీకు ఐదేళ్ల బిడ్డ ఉంది.

ఆ బిడ్డ వైపు నుంచి చూడండి. పగటి పెద్ద డ్యూటీ రోజున మీరు ఉదయం ఆరింటికి బయల్దేరతారు, రాత్రి ఎనిమిదిన్నరకు వస్తారు. ఐదేళ్ల పిల్ల అప్పటికి నిద్రపోయి ఉంటుంది, లేదా మీ కోసం బలవంతాన కూర్చుని ఉంటుంది. అంటే ఆ రోజు మీరు తనకు కనిపించనట్టే. సెలవు రోజుల్లో ఎక్కువ భాగం బడి రోజులే అవుతాయి, కాబట్టి మీరు ఇంట్లో ఉన్నా వాళ్లు ఉండరు. అలాగని పాత పద్ధతిని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. మార్నింగ్ డ్యూటీ రోజున నాలుగున్నరకల్లా ఇంట్లో ఉంటారు, హోంవర్కు దగ్గర కూర్చుంటారు, అది బంగారం లాంటి డ్యూటీ. ఆఫ్టర్‌నూన్ మాత్రం తల్లులకు శత్రువు. మధ్యాహ్నం ఒంటిగంటకు బయల్దేరి రాత్రి పదకొండున్నరకు ఇల్లు చేరితే, బడికి పంపేటప్పటి హడావిడి తప్ప ఆ రోజు పిల్లలతో ఏమీ ఉండదు. కాబట్టి మీ ఇంటికి సంబంధించినంతవరకు అసలు బేరం ఎనిమిదికీ పన్నెండుకూ మధ్య కాదు, ఎన్ని ఆఫ్టర్‌నూన్లు అన్నదాని మీద. ఇన్‌చార్జ్ సిస్టర్‌తో ఈ ఒక్క విషయం మాట్లాడుకున్నా సగం సమస్య తీరవచ్చు.

ఒక మాట చెబుతారు మీ తోటివాళ్లు, పన్నెండు గంటల పద్ధతిలో రాత్రులు తగ్గుతాయని. తగ్గవు. మూడు డ్యూటీల పద్ధతిలో మూడో వంతు నైట్లు: ఇరవైలో ఆరో ఏడో. రెండు డ్యూటీల పద్ధతిలో సగం నైట్లు: పదమూడులో ఆరో ఏడో. సంఖ్య అదే, ఒక్కోటి మూడు గంటలు పొడవు. వార్డులో ఎవరూ ఈ లెక్క వేయకుండా సంతకాలు చేస్తున్నారని నాకు అనుమానం.

పరిశోధకులు ఈ విషయంలో ఒక చిత్రమైన సంగతి కనిపెట్టారు. అమెరికాలోని నాలుగు రాష్ట్రాల్లో 22,275 మంది నర్సుల మీద ఎమీ స్టింఫెల్ బృందం చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. వారిలో 80 శాతానికి పైగా తమ డ్యూటీ వేళలతో సంతృప్తిగా ఉన్నామన్నారు. అదే అధ్యయనంలో, పది గంటలు, అంతకన్నా ఎక్కువ డ్యూటీలు చేసేవారిలో పనితో విసిగిపోవడం, ఉద్యోగం మీద అసంతృప్తి ఎనిమిది తొమ్మిది గంటలు చేసేవారి కన్నా రెండున్నర రెట్ల దాకా ఎక్కువ. డ్యూటీ వేళలు బాగున్నాయి, ఉద్యోగమే బాగాలేదు! నాకిది విడ్డూరంగా తోచదు. సెలవుల కోసం డ్యూటీని భరిస్తాం. భరించగా భరించగా, ఈ డ్యూటీ వల్లే ఇలా అయ్యామని గుర్తించకుండా, వృత్తినే తిట్టుకుంటాం. మీ వార్డులో పన్నెండు గంటలు కావాలంటున్న అమ్మాయిలను ఇంకో రెండేళ్లకు అడగాలి, అప్పుడు తెలుస్తుంది.

యూరప్‌లో 12 దేశాల్లో 31 వేలకు పైగా నర్సుల మీద పీటర్ గ్రిఫిత్స్ బృందం 2014లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇదే వైపు చూపింది. పన్నెండు గంటలు, ఆపైన పనిచేసినవారు తమ వార్డులో సేవ నాణ్యత బాగాలేదని, చేయాల్సిన పనులు కొన్ని చేయకుండానే మిగిలిపోయాయని ఎక్కువగా చెప్పారు. ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఇలాంటి అధ్యయనాలు నర్సులను అడిగి రాసుకున్నవి. పెద్ద డ్యూటీలు పెట్టే ఆసుపత్రుల్లో సిబ్బంది కొరత కూడా ఎక్కువ ఉండవచ్చు, అలసటలో కొంత వాటా దానిది కావచ్చు. అందుకే అంకెలు చూపించి పన్నెండు గంటల పద్ధతిని పాపంగా తేల్చడం నాకు ఇష్టం ఉండదు. ఇద్దరు పేషెంట్లతో ఐసీయూలో పన్నెండు గంటలు వేరు, పన్నెండు మందితో మెడికల్ వార్డులో పన్నెండు గంటలు వేరు. మీకు ఎంతమందిని ఇస్తారో మీరు రాయలేదు. అది ఎక్కువైతే పైన నేను చెప్పిన ఒప్పుకోలు కూడా వెనక్కి తీసుకుంటాను.

ఇప్పుడు పాత పద్ధతిలో అడగమన్న సవరణ. రాత్రి పదింటికి ఆఫ్టర్‌నూన్ ముగించి మర్నాడు ఏడింటికి మార్నింగ్ చేయడం. కాగితం మీద తొమ్మిది గంటల ఎడం. హ్యాండోవర్ ముగించి మీరు ఇల్లు చేరేది పదకొండున్నరకు, లేచేది ఐదింటికి. స్నానం, భోజనం పోను నాలుగున్నర గంటల నిద్ర దొరికితే అదృష్టం. ఇది ఎనిమిది గంటల పద్ధతిలో దాగిన ముల్లు, దీన్ని చూడకుండా చిన్న డ్యూటీలే క్షేమం అనేవారితో నేను ఏకీభవించను. 1977లో అంతర్జాతీయ కార్మిక సంస్థ నర్సింగ్ సిబ్బంది కోసం చేసిన సిఫారసు ప్రకారం డ్యూటీకీ డ్యూటీకీ మధ్య కనీసం 12 గంటల విశ్రాంతి ఉండాలి. ఐరోపా సమాఖ్య నిబంధన రోజుకు 11 గంటల ఎడతెగని విశ్రాంతి. ఆఫ్టర్‌నూన్ తర్వాత మార్నింగ్ ఈ రెండింటికీ అందదు. రోస్టర్ ఎప్పుడూ ముందుకు జరగాలి: మార్నింగ్‌ల తర్వాత ఆఫ్టర్‌నూన్లు, ఆ తర్వాత నైట్లు, ఆ తర్వాత సెలవు. వెనక్కి జరిగితే శరీరం ఒప్పుకోదు, ఎందుకంటే ఆలస్యంగా పడుకోవడం మనిషికి తేలిక, ముందుగా పడుకోవడం కష్టం.

పన్నెండు గంటల పద్ధతిలో కూడా ఈ ఎడం లెక్క చూసుకోవాలి. ఏడు నుంచి ఏడు అంటే మధ్యలో సరిగ్గా 12 గంటలు. హ్యాండోవర్, ప్రయాణం తీసేస్తే ఇంట్లో తొమ్మిదిన్నర. అందులో ఎనిమిది గంటలు నిద్రపోవాలంటే మిగతావాటికి గంటన్నర. ఒకరోజు సర్దుకుంటారు, రెండో రోజు కూడా లాగుతారు. మూడో రోజుకు నిద్ర అప్పు పేరుకుపోతుంది. మీ ట్రే పక్క మంచానికి వెళ్లింది ఆ మూడో రోజే కదా.

మొదటి నైట్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. పిల్లలను బడికి పంపడానికి ఆరింటికి లేచి, పగలంతా ఇంటిపని చేసుకుని, సాయంత్రం ఏడింటికి డ్యూటీ ఎక్కితే, రాత్రి పదకొండింటికే మీరు లేచి 17 గంటలవుతుంది. డ్రూ డాసన్, క్యాథరిన్ రీడ్ 1997లో నేచర్ పత్రికలో ప్రచురించిన ప్రయోగంలో, 17 గంటలు మేలుకున్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి పనితీరుతో సమానమైంది. 24 గంటలకు 0.10 శాతంతో. మీరు తెల్లవారి ఆరింటి మందులు ఇచ్చేది సరిగ్గా ఆ 24వ గంటలో. కాబట్టి మొదటి నైట్‌కు ముందు మధ్యాహ్నం రెండు గంటలైనా నిద్రపోవాలి, ఇంట్లో ఎవరేమనుకున్నా సరే. నైట్‌లో వంతులు వేసుకుని ఇరవై నిమిషాలు కునుకు తీసే వీలుంటే వదులుకోకండి, కానీ లేచిన వెంటనే సిరంజి పట్టుకోవద్దు. పావుగంట నడిచి, ముఖం కడుక్కుని, తర్వాత. కెఫీన్ సగం తగ్గడానికే శరీరానికి ఐదు గంటల దాకా పడుతుంది, తెల్లవారుజామున మూడు దాటాక తాగే కాఫీ మీ ఉదయపు నిద్రను తినేస్తుంది. ఇంటికి సొంత వాహనం నడుపుకుంటూ వెళ్లేటట్టయితే రాత్రి పెద్ద డ్యూటీ అసలు ఒప్పుకోవద్దు. గంట ప్రయాణం, పొద్దున్నే, ఎండ ముఖాన కొడుతుండగా. వద్దు.

పేషెంట్లకు ఏది మంచిదన్న వాదనను ఎక్కువ సాగదీయను. రోజుకు మూడు హ్యాండోవర్లకు బదులు రెండే ఉంటాయి, సమాచారం జారిపోయే సందర్భాలు ఆ మేరకు తగ్గుతాయి. ఉదయం చూసిన ముఖమే సాయంత్రం కూడా కనిపించడం పెద్దవయసు పేషెంట్లకు ధైర్యం. కానీ అదే నర్సు ఆ తర్వాత నాలుగు రోజులు కనిపించదు. మళ్లీ వచ్చేసరికి సగం మంచాల్లో కొత్తవాళ్లు. రెండు వైపులా ఉంది.

యాజమాన్యానికి ఇది ఎందుకు నచ్చుతుందో మాత్రం తెలుసుకోండి, అడగడానికి పనికొస్తుంది. మీ పాత వేళల్లో 2 నుంచి 3 దాకా మార్నింగ్, ఆఫ్టర్‌నూన్ సిబ్బంది ఇద్దరూ వార్డులో ఉండేవారు. హ్యాండోవర్, కొత్తవాళ్లకు పని నేర్పడం, పక్షవాతం పేషెంటును ఇద్దరు కలిసి పక్కకు తిప్పడం, భోజనానికి వెళ్లడం, అన్నీ ఆ గంటలోనే జరిగేవి. కొత్త పద్ధతిలో ఆ గంట మాయమవుతుంది, దాని జీతం మిగులుతుంది. తప్పేమీ లేదు, ఆసుపత్రి నడవాలి. కానీ ఆ మిగిలిన గంటల్లోంచే మీ విరామానికి మనిషిని ఇవ్వమని అడగవచ్చు. “బ్రేక్ ఉంది” అంటారు. ఎవరు నా పేషెంట్లను చూస్తారు, పేరు చెప్పండి అని అడగండి. పేరు రాకపోతే బ్రేక్ లేనట్టే. కాల్ బెల్ వినపడే చోట కూర్చుని భోజనం చేయడం విరామం కాదు.

సెలవు రోజుల మీద ఇంకో కన్ను ఉంటుంది. వార్డులో మనిషి తక్కువైనప్పుడు ఫోను ఎవరికి వస్తుంది? ఆ వారంలో నాలుగు రోజులు సెలవున్నవాళ్లకే. “మీకు చాలా ఖాళీ ఉంది కదా సిస్టర్” అంటారు. ఒకటికి రెండుసార్లు ఒప్పుకుంటే పదమూడు డ్యూటీలు పదిహేనవుతాయి, అప్పుడు పైన వేసిన లెక్కంతా తలకిందులు. 2004లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నర్సులు ఏ 24 గంటల్లోనూ 12 గంటలకు, ఏ ఏడు రోజుల్లోనూ 60 గంటలకు మించి పనిచేయకూడదని చెప్పింది. ఆ అరవైని నేను హద్దుగా భావిస్తాను, లక్ష్యంగా కాదు. డబ్బు అవసరమై అదనపు డ్యూటీ చేయడం వేరు. మొహమాటానికి చేయడం వేరు. ఫోను తీయకపోవడం నేరం కాదు.

గర్భిణులు, నడుం నొప్పి ఉన్నవారు, ఇటీవల పెద్ద జబ్బు నుంచి కోలుకున్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ విషయంలో ఆలోచించాల్సిందేమీ లేదు, ఎనిమిదే.

మీ వారితో ఎలా మాట్లాడాలో మీరు అడగలేదు గానీ అడిగినట్టే ఉంది. ఆయనకు 15 సెలవులు కనిపిస్తున్నాయి, 13 సాయంత్రాలో రాత్రులో కనిపించడం లేదు. ఒక నెల క్యాలెండర్ తీసి, పెద్ద డ్యూటీ రోజులకు గుర్తు పెట్టి, ఆ రోజుల్లో పిల్లలను లేపడం, బడి నుంచి తీసుకురావడం, నిద్రపుచ్చడం ఎవరు చేస్తారో పక్కన రాయమనండి. ఆయనే రాయాలి. అన్ని గడుల్లోనూ తన పేరే రాసి, సరే చేస్తానంటే ఆ ఇంట్లో 12 గంటల పద్ధతి నడుస్తుంది. రాస్తూ రాస్తూ మధ్యలో ఆగిపోతే, మీరు వేరే వాదన చేయనక్కర్లేదు.

ఇక ఫారం. రెండు గడుల్లో ఒకదానికి టిక్కు పెట్టి ఇచ్చేయవద్దు. టిక్కు పెడితే మీరు అన్నిటికీ ఒప్పుకున్నట్టు. ఇలా రాయండి: “వరుసగా రెండు డ్యూటీలకు మించకుండా, రెండు డ్యూటీల వరుస తర్వాత కనీసం 48 గంటల విరామంతో, విరామ సమయంలో నా పేషెంట్లను చూసే నర్సు పేరు రోస్టర్‌లో ఉండే షరతుపై 12 గంటల పద్ధతికి సమ్మతిస్తున్నాను. ఈ షరతులు వీలుకాకపోతే 8 గంటల పద్ధతిలో కొనసాగుతాను; ఆఫ్టర్‌నూన్ డ్యూటీ మర్నాడు మార్నింగ్ డ్యూటీ వేయవద్దని కోరుతున్నాను. ఆరు నెలల తర్వాత ఈ ఎంపికను మార్చుకునే అవకాశం ఇవ్వగలరు.” ఆ చివరి వాక్యం తప్పకుండా ఉండాలి, పిల్లల వయసు మారుతుంది, వార్డూ మారుతుంది.

ట్రే సంగతి కూడా ఇన్‌చార్జ్ సిస్టర్‌కు చెప్పండి, ఇప్పటిదాకా చెప్పి ఉండకపోతే. మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు, సాయంత్రం ఆరింటి రౌండులో ఇన్సులిన్, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) లాంటివైనా ఇద్దరు కలిసి సరిచూసుకునే ఏర్పాటు చేయమని అడగడానికి. ప్రయోగంగా చేసిన ఆ నెలలో ఇలాంటివి వార్డులో ఇంకా ఎన్ని జరిగాయో ఆమెకు తెలియాలి. మీరు ఒక్కరు చెబితే మిగతావాళ్లు కూడా నోరు విప్పుతారు. ఫారంలో “ఇతర వ్యాఖ్యలు” అనే గడి చిన్నదిగా ఉంటే విడిగా కాగితం జతచేసి, తేదీ వేసి, అందినట్టు సంతకం తీసుకున్న నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.